రైలు – రూలు

మెట్టుగూడలో నివసించువారికి "రైలు" కంటె పరిచితమగు ఆంగ్లపదము వేఱొకటి యుండదు. వాడి నుండి సికింద్రాబాదునకు 1874లో ఇనుపదారి పడినది మొదలు ఈ మాట మన యిండ్లలో తెలుగుమాటయే యైనది. అయినను దాని యర్థమును నిదానించి చూచిన విద్యార్థులు కొందఱే.

ఆంగ్లమున "రెయిల్" అనగా బండి కాదు, కమ్మి. మెట్ల ప్రక్కన చేయి పట్టుకొను కమ్మియు రెయిలే. పూర్వము గనులలో బొగ్గుబండ్లు సులువుగా దొరలుటకై నేలపై మొదట కొయ్యలను, పిమ్మట ఇనుపకమ్ములను పఱచిరి. వానికిని ఆ పేరే చెల్లెను. అట్టి దారి "రెయిల్వే". దానిపై నడచు బండ్ల వరుస "ట్రెయిన్". మనమో, దారి పేరును బండికిచ్చి, దారిలోని కమ్ములను "పట్టాలు" అనుచున్నాము. ఇది తప్పు గాదు. పరభాషాపదము మన యింట కాపురమున్న పిదప మన వాడుకకే లోబడును. కాని "రైలు వచ్చినది" అనుదానిని మాటకు మాటగా ఆంగ్లమున వ్రాసిన విద్యార్థి, కమ్మి నడచి వచ్చినదని వ్రాసినవాడగును. పరీక్షలో మార్కులు పోవుట యిట్టిచోటనే. అయితే "బై రెయిల్" ప్రయాణము చేసితిననుట ఆంగ్లమునను సాధువే.

ఇక పుట్టుక. లాటిన్ భాషలో "రేగుల" యనగా తిన్నని కఱ్ఱ. ఆ పదము ప్రాచీన ఫ్రెంచి భాషలో రెండు రూపములు దాల్చి ఆంగ్లమును జేరెను: ఒకటి "రెయిల్", రెండవది "రూల్". కావున మనము గీతలు గీయు రూళ్లకఱ్ఱయు, పాఠశాల రూలును, రైలుపట్టాయు ఒక్క తల్లి బిడ్డలే. "రెగ్యులర్" అను మాటయు ఈ కుటుంబములోనిదే. తిన్ననిదని యర్థమిచ్చు సంస్కృతపదము "ఋజు" వీనికి దూరపు చుట్టమని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు.

నిందించుట యను నర్థముగల "రెయిల్", నీటిపట్టుల తిరుగు ఒక జాతి పక్షికి పేరైన "రెయిల్" వేఱు మూలములనుండి పుట్టినవి. రూప మొక్కటియైనంతమాత్రమున బంధుత్వము కలదని తలపరాదు. రూపము వేఱైనంతమాత్రమున లేదనియు తలపరాదు.

విద్యార్థులారా! స్టేషను, టిక్కెట్టు, గార్డు: ఈ మూడు మాటలును మీరు దినదినము వినునవే. నిఘంటువు విప్పి, అవి ఆంగ్లమున ఎన్ని యర్థములిచ్చునో, తెలుగున ఎన్నింటిని నిలుపుకొనెనో మీరే చూడుడు.