నూతన పారిశ్రామికుల సదస్సు – దాని నిర్వహణము

విద్యార్థులారా! మీలో పెక్కుమంది యింటిలో తెలుగు, వీథిలో తమిళము మాటలాడుదురు. కళాశాలలో చేరిన పిదప ఆంగ్లము తప్పదు. ఇట్లు మూడు భాషల నడుమ పెరిగిన బాలునకు ఒక క్రొత్త యంత్రము చేయవలెనను ఊహ కలిగినచో, దానిని ఎవరితో చెప్పవలెను? ఏ భాషలో చెప్పవలెను? పారిశ్రామికుల సదస్సును గూర్చి వ్రాయబూనినప్పుడు నాకు మొదట తట్టినది ఈ ప్రశ్నయే.

'స్టార్టప్' అను మాట నేడు ప్రతి పత్రికలోను కనబడుచున్నది. తెలుగు పత్రికలు దీనిని 'అంకుర సంస్థ' యని వ్యవహరించుచున్నవి. ఒక క్రొత్త ఊహను ఆధారముగ గొని, త్వరగా పెరుగవలెనను ఉద్దేశముతో నెలకొల్పిన చిన్న సంస్థ యని దాని యర్థము. మొలకకు నీరు, ఎరువు, ఎండ కావలసినట్లే దీనికిని పెట్టుబడి, పని తెలిసిన తోడు, సరకు కొనువాడు కావలెను. ఇవి యొకచోట దొరకవు. వీనిని ఒక దినము ఒక కప్పు క్రిందికి దెచ్చుటయే సదస్సు చేయవలసిన పని.

కోయంబత్తూరు చెంత కలంగల్ గ్రామమున 1893లో జన్మించిన జి. డి. నాయుడుగారి చరిత్రమును చూడుడు. ఆయన యువకుడై యుండగా ఒక ఆంగ్లేయాధికారి మోటారు సైకిలుపై ఆ దారిన వచ్చెను. ఆ బండిని చూచినది మొదలు దాని మర్మము తెలిసికొనవలెనను తపన ఆయనను విడువలేదు. హోటలులో సర్వరుగ పనిచేసి సొమ్ము కూడబెట్టి, ఆ బండినే కొని, విప్పి, మరల బిగించి నేర్చుకొనెను. తరువాత స్టేన్సు దొర ధనసహాయము చేయగా బస్సు కొని, 1920లో పొల్లాచ్చి, పళని ఊళ్ల మధ్య నడిపెను. 1937లో డి. బాలసుందరం నాయుడుగారితో కలిసి స్వదేశపు విద్యుత్ మోటారును తయారు చేయించెను. యంత్రమును కంటబడ జేసినవా డొకడు, ధనమిచ్చినవా డొకడు, పనిలో తోడైనవా డొకడు. వీరిలో మొదటివాడు కేవలము అదృష్టవశమున ఎదురైనవాడు. ఆ దొర వేఱొక దారిని బోయియున్నచో ఏమయ్యెడిది? అట్టి అదృష్టమునకు ముందుగానే ఒక తేదిని, ఒక స్థలమును ఏర్పరచుటయే సదస్సు నిర్వహణ మని నా యభిప్రాయము.

2025 అక్టోబరు 9, 10 తేదులలో తమిళనాడు ప్రభుత్వమువారు ప్రపంచ స్థాయి స్టార్టప్ సదస్సును కోయంబత్తూరులోనే, కొడీసియా ప్రాంగణమున జరిపిరి. ఆ 9వ తేదినాడే అవినాశి రోడ్డుమీద పది కిలోమీటర్లు సాగు పైవంతెన జి. డి. నాయుడుగారి పేరిట ప్రారంభమైనది. కొడీసియా యనగా 1969లో ఈ జిల్లా చిన్న పరిశ్రమలవారు తమకై తాము ఏర్పరచుకొన్న సంఘము. అంత పెద్ద సభ మనకు శక్యము కాదు. కాని మన పాఠశాల హాలులో నూఱుమందితో ఒక పూట జరుపుట అసాధ్యము కాదు.

మొదట ఎవరు రావలెనో నిర్ణయింపవలెను. 2017 నవంబరు 28 నుండి 30 వరకు హైదరాబాదులో జరిగిన ప్రపంచ పారిశ్రామికుల సదస్సునకు సుమారు 1500 మంది ప్రతినిధులు వచ్చిరి. వారిలో సగమునకు పైగా స్త్రీలు. అది దానంతట జరిగినది కాదు. మహిళలకు ప్రథమ స్థాన మీయవలెనని ముందే నిశ్చయించి పిలిచిరి. పిలువనిదే రానివా రెవరో గుర్తించుట నిర్వాహకుని మొదటి విధి. మన యూళ్లలో అట్టివారు లేతు పట్టుకొని పనిచేయువారు, ఇంట పచ్చళ్లు పెట్టి అమ్ము తల్లులు.

సరకు కొనువారిని పిలుచుట చాలమంది మఱతురు. మధురలో డాక్టరు గోవిందప్ప వెంకటస్వామిగారు 1976లో 11 పడకలతో అరవింద కంటి ఆసుపత్రిని స్థాపించిరి. శుక్లముల శస్త్రచికిత్సలో కంటిలో నమర్చు కటకములు విదేశములనుండి వచ్చుచు మిక్కిలి ప్రియముగ నుండెను. 1992లో ఆరోల్యాబ్ నెలకొల్పి వానిని అక్కడనే చవుకగా తయారుచేయ నారంభించిరి. వాడువారు, చేయువారు ఒకే చోట నుండిరి గనుక, ఎట్టి కటకము కావలెనో ఊహించి చెప్పవలసిన పని లేకపోయినది.

తేదిని నిర్ణయించుటలో పంచాంగము చూడుడు. శుభముహూర్తమునకై కాదు, పని దినములకై. జనవరి 16 జాతీయ స్టార్టప్ దినోత్సవము. కాని మన ప్రాంతమున అది సాధారణముగ కనుమ పండుగ, ఎవరును రారు! ఆయుధపూజనాడు యంత్రములు విశ్రమించును గాని యజమానులు విశ్రమింపరు. దీపావళికి ముందు నెల గిరాకీ కాలము. ఫిబ్రవరిలో పరీక్షల తొందరకు ముందు ఒక శనివారము మధ్యాహ్నము మేలు.

సభలో దండలకు, స్వాగతములకు కలిపి పది నిమిషములు చాలును. దీనిని కొందఱు పెద్దలు మెచ్చకపోవచ్చును. ఉపన్యాసములు రెండే యుండవలెను. అందొకటి నష్టపోయి మరల లేచినవారిది కావలెను. మిగిలిన సమయమున బల్లకు ఎనిమిది మంది చొప్పున కూర్చుండి మాటలాడవలెను. ప్రతివాని చొక్కాకు తగిలించు చీటీపై పేరు క్రింద రెండు వాక్యము లుండవలెను: 'నాకు కావలసినది', 'నే నీయగలది'. ఆ చీటీలను వ్రాయు పని తొమ్మిదవ తరగతివారిది.

ఇక భాష. ఆహ్వానపత్రము తెలుగు, తమిళముల రెంటిలోను ఉండవలెను. మోటారు పంపును కండ్లు మూసికొని విప్పి బిగింపగలవాడు ఆంగ్లసభలో నోరు తెరువలేక వెనుక వరుసలో కూర్చుండును. అతని ఊహ అతనితోనే యింటికి బోవును. అందుచేత ఎవరి భాషలో వారు చెప్పవచ్చునని ప్రారంభమందే ప్రకటింపవలెను. ప్రతి బల్లకు ఒక విద్యార్థిని దుబాసిగ నియమింపవలెను. మూడు భాషలు వచ్చుట భారమని తలంచు తలిదండ్రులు ఆ పూట తమ బిడ్డను బల్లయొద్ద చూడవలెనని నా కోరిక.

సభ ముగిసిన పిదపనే నిర్వాహకులకు అసలు పని. ఎవ రెవరితో మరల కలియుదుమని మాట యిచ్చుకొనిరో ఆనాడే ఒక పుస్తకమున వ్రాసికొనవలెను. వారము దినములలో ఇద్దఱికిని గుర్తుచేయవలెను. మూడవ నెలలో ప్రతి జతను విచారించి, 'కలిసిరి', 'కలియలేదు' అని పేరు ప్రక్కన గుర్తిడవలెను. ఖర్చుల లెక్కతోపాటు ఆ పుటను గూడ వచ్చే సంచికలో అచ్చువేయవలెను.