డ్రోన్ బొమ్మల్లో పంట ఎదుగుదల: వర్తకులు తెలుసుకోవలసినది

కారేపల్లి: పత్తి, మిరప పండే ఈ ప్రాంతంలో సరుకు రాబడిపై ముందుగా అంచనాలు వేయటం వర్తకులకు కొత్త కాదు. పొలాలు చూసి వచ్చినవారి మాట, వానల తీరు, విత్తనాల అమ్మకం చూసి లెక్క కట్టటం పరిపాటి. ఇప్పుడు వీటికి తోడు డ్రోన్ తీసే బొమ్మలు వచ్చాయి. అవి దేనిని కొలుస్తాయో, దేనిని కొలవలేవో తెలియకుండా సరుకు నిల్వ చేసినా, ముందస్తు బేరం కుదుర్చుకున్నా నష్టపోయే ప్రమాదమున్నది.

పరిశోధనలో ఉపయోగం

ఈ పద్ధతి కొత్త వంగడాల తయారీలో బాగా ఉపయోగపడుతున్నది. రెండు రకాలను సంకరపరచిన తర్వాత వందల కొద్దీ వరుసలను చిన్న మడులలో పెంచి, మంచివాటిని ఏరుకోవాలి. ప్రతి మడిలో మొక్కల ఎత్తు, ఆకుల విస్తీర్ణం మనుషులు తిరిగి కొలవాలంటే రోజులు పడతాయి. ఈలోగా మొక్కలు పెరిగిపోయి మొదటి మడికి, చివరి మడికి పోలిక చెడుతుంది. డ్రోన్ అయితే అన్ని మడులను ఒకే పూటలో బొమ్మ తీస్తుంది.

కంది, శనగ, వేరుశనగ, జొన్న, సజ్జ పంటలపై కృషి చేసే పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌కు, పరిశోధనకై డ్రోన్లు వాడేందుకు కేంద్ర పౌర విమానయాన శాఖ 2020 నవంబరులో షరతులతో అనుమతి ఇచ్చింది. 2021 ఆగస్టులో దేశమంతటికీ కొత్త డ్రోన్ నిబంధనలు వచ్చాయి.

లెక్క ఇలా

పచ్చని ఆకు ఎర్రని కాంతిని పీల్చుకొని, కంటికి కనిపించని పరారుణ కాంతిని ఎక్కువగా తిప్పికొడుతుంది. ఈ రెండింటి తేడాను రెండింటి మొత్తంతో భాగిస్తే పచ్చదనం సూచీ వస్తుంది. ఉదాహరణకు ఒక మడి పరారుణ కాంతిని 50 శాతం, ఎర్రని కాంతిని 10 శాతం తిప్పికొడితే, 40ని 60తో భాగించగా సూచీ 0.67. ఎండుతున్న మడిలో ఇవి 30, 20 శాతాలైతే సూచీ 0.20 మాత్రమే. పైరు లేనప్పటి నేల మట్టాన్ని పైరు పై మట్టం నుంచి తీసివేస్తే మొక్కల ఎత్తు తెలుస్తుంది.

పచ్చదనం వేరు, దిగుబడి వేరు

అయితే ఆకు బాగా దట్టమైన తర్వాత పైరు ఇంకా పెరిగినా సూచీ పెద్దగా పెరగదు. వేరుశనగ కాయ నేలలో ఉంటుంది. మిరపకాయలు చాలావరకు ఆకుల చాటున ఉంటాయి. పత్తి ఏపుగా పెరిగినా కాయ తక్కువ పట్టవచ్చు. 2021-22లో తామరపురుగు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో మిరప పూతను తీవ్రంగా దెబ్బతీసింది. పూత రాలిన చేనులో ఆకు పచ్చదనాన్ని బట్టి కాయ లెక్క కట్టలేము.

పరిశోధకునికి ఇది పెద్ద నష్టం కాదు. ఏ మడి మెరుగో, ఏది తక్కువో తెలిస్తే ఆయనకు చాలు. ఎంపికైన మడులను కోసి తూచి చూసుకుంటారు. పొరపాటును మరుసటి ఏడాది దిద్దుకుంటారు. వర్తకునికి కావలసినది క్వింటాళ్ల లెక్క. ఆయన పెట్టుబడి ఈ సీజనుకు సంబంధించినది. పైగా పరిశోధన మడిలో మెచ్చిన వరుస రైతుకు విత్తనంగా అందటానికి ఏళ్లు పడుతుంది కనుక, ఆ బొమ్మలకు ఈ ఏటి రాబడితో సంబంధం లేదు.

అడగవలసినవి

డ్రోన్ అంచనా చేతికి వచ్చినప్పుడు మూడు విషయాలు విచారించాలి. బొమ్మ పూతకు ముందు తీసినదా, కాయ పట్టిన తర్వాత తీసినదా? అవే పొలాలలో కొంత మేర కోసి, తూచి సరిచూశారా? తీసినది ఎన్ని ఊళ్లలో, ఎన్ని చేలలో? వీటికి సరైన సమాధానం లేని అంచనాను నమ్మి బయానా ఇవ్వకపోవటమే మేలు.