గోమారు జ్వరం నుంచి తేరుకుంటున్న తోట కుక్క: విశ్రాంతి ఎంత? నడక ఎంత?

సబ్బవరం, పెందుర్తి, ఆనందపురం వైపు చాలా తోటల్లో రాత్రి కాపలా కుక్కదే. ఆ కుక్కకి గోమారు జ్వరం వచ్చి, మందుతో గట్టెక్కాక మళ్ళీ ఎప్పుడు కాపలాకి వదలాలి? వీడియోలో చూపించిన విషయాలనే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

తిండి తిన్నంత మాత్రాన తగ్గినట్టు కాదు

గోమార్లు, అంటే పిడుదులు, కుట్టినప్పుడు ఎర్లీకియా అనే బాక్టీరియా కుక్క రక్తంలోకి చేరుతుంది. దీన్ని మొదట 1935లో అల్జీరియాలో గుర్తించారు. వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యం కాపలా కుక్కలు ఎన్నో దీనితోనే చనిపోయాయి. మన విశాఖ తీరంలో వేడి, ఉక్కపోత ఎక్కువ కాబట్టి గోమార్లకి సెలవంటూ ఉండదు.

దీనికి డాక్టర్లు సాధారణంగా డాక్సీసైక్లిన్ 28 రోజులు రాస్తారు. చాలా కుక్కలకి రెండు మూడు రోజుల్లోనే జ్వరం దిగుతుంది, అన్నం తింటాయి, తోక ఊపుతాయి. మనం గొలుసు విప్పేస్తాం. చిక్కంతా ఇక్కడే వస్తుంది.

రక్తం గడ్డకట్టడానికి ప్లేట్‌లెట్లు కావాలి. ఆరోగ్యంగా ఉన్న కుక్కకి మైక్రోలీటరుకు సుమారు 2 లక్షల నుంచి 5 లక్షలు ఉంటాయి. ఈ జబ్బులో అవి బాగా పడిపోతాయి. అప్పుడు గోడ దూకినా, ఇంకో కుక్కతో కొట్లాడినా లోపల రక్తస్రావం కావచ్చు. ఎర్ర కణాలు తగ్గితే కొంచెం పరుగుకే గుండె మీద భారం పడుతుంది. ఆ కణాలు మళ్ళీ నిండడానికి వారాలు పడుతుంది.

"మనం రసాయనాలు వాడం కదా" అని మందు మధ్యలో ఆపకండి. పొలానికి పెట్టుకున్న నియమం జబ్బు కుక్కకి పెట్టకూడదు.

వారం వారీగా

ఇది మామూలు వరస. మీ కుక్కకి డాక్టరు గారు చెప్పిందే ఫైనల్.

1. మొదటి వారం: పూర్తి విశ్రాంతి. మల మూత్రాలకి మాత్రమే తాడు పట్టుకుని, ఐదు నిమిషాలు బయటికి తీసుకెళ్ళండి.
2. రెండో వారం: చదునైన నేల మీద, రోజుకి రెండుసార్లు, ఐదు నుంచి పది నిమిషాల మెల్లని నడక.
3. మూడు, నాలుగు వారాలు: ఇబ్బంది లేకపోతే మూడు నాలుగు రోజులకోసారి రెండు మూడు నిమిషాలు పెంచండి. తాడు మాత్రం వదలొద్దు.
4. రాత్రి కాపలా, పరుగు: మందు కోర్సు పూర్తై, రక్త పరీక్ష చూసి డాక్టరు సరే అన్నాకే.

గాజువాక, స్టీల్‌ప్లాంట్ క్వార్టర్స్ నుంచి ఆదివారం తోటకి వచ్చేవాళ్ళు గమనించండి. వారమంతా ఇంట్లో పడుకున్న కుక్కని ఒక్కరోజే తోటంతా తిప్పకూడదు.

కుక్క ఒంటి వేడి ప్రధానంగా రొప్పడం వల్లే తగ్గుతుంది. గాలిలో తేమ ఎక్కువైతే ఆ పని సరిగ్గా జరగదు. అందుకే తెల్లవారుజామునే నడిపించండి, లేదా పొద్దు గూకి నేల చల్లబడ్డాక.

రోజూ చూసుకోవాల్సినవి

- చిగుళ్ళు గులాబీ రంగులో ఉండాలి. వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలో రంగు తిరిగి రావాలి.
- నిద్రలో నిమిషానికి ఊపిరి 30 దాటకూడదు. 30 సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చేయండి.
- నడక తర్వాత పది నిమిషాల్లో రొప్పు తగ్గాలి. మర్నాడు నీరసంగా ఉంటే ముందటి వారం కొలతకి వెనక్కి రండి.

చిగుళ్ళు తెల్లబడినా, ముక్కు నుంచి రక్తం వచ్చినా, పొట్ట మీద ఎర్ర మచ్చలు లేచినా, మలం తారులా నల్లగా ఉన్నా నడక ఆపి వెంటనే పశువైద్యశాలకి తీసుకెళ్ళండి. మనుషుల జ్వరం మాత్రలు వేయకండి, కుక్కకి విషమౌతాయి.

పడక, గోమార్లు

గాలి ఆడే నీడలో శుభ్రమైన గోనెసంచులు పరిచి, పక్కనే నీళ్ళు పెట్టండి. లేవలేని కుక్కని మూడు నాలుగు గంటలకోసారి పక్క మార్చండి, లేకపోతే పుండ్లు పడతాయి. గోమారు గోడ పగుళ్ళలో, మంచం సందుల్లో వేల గుడ్లు పెడుతుంది. కాబట్టి పగుళ్ళు పూడ్చి, సంచులు వేడినీళ్ళలో ఉతకండి. గోమార్లని చేత్తో నలపకుండా పట్టకారుతో తీయండి.

నీమాస్త్రం పంటకి, జబ్బు కుక్క ఒంటికి కాదు. గోమార్లు పోతాయని వెల్లుల్లి, ఉల్లి పెట్టేవాళ్ళున్నారు. అవి కుక్క ఎర్ర కణాల్ని పగలగొడతాయి. రక్తం తగ్గిన కుక్కకి అసలే పెట్టొద్దు.

ఈ నెల రోజులూ తోట కాపలాకి వేరే ఏర్పాటు చూసుకోండి. మన తోటకి ఏళ్ళ తరబడి కాపలా కాసిన జీవానికి నెల సెలవు ఇవ్వడం పెద్ద పనేమీ కాదు.