అభ్యర్థి అఫిడవిట్‌ను పిల్లలతో కలిసి చదవండి



తొమ్మిదో తరగతి సోషల్‌లో ఎన్నికల పాఠం విన్న పిల్లలు "మామూలు మనుషుల వల్ల చట్టాలు మారతాయా?" అని మిమ్మల్ని అడగవచ్చు. నవ్వి ఊరుకోకండి. ఈ సంగతి చెప్పండి.

వత్సవాయిలో అరెకరం కొనాలన్నా ఈసీ తీయించి చూస్తాం. కానీ 2002 వరకు మన ఓటు అడిగే అభ్యర్థి మీద కేసులున్నాయా, ఆస్తులెంత, అప్పులెంత అని తెలుసుకునే దారి ఓటరుకు లేదు.

1999లో అహ్మదాబాద్ ఐఐఎం ప్రొఫెసర్లు కొందరు ఏడీఆర్ అనే సంస్థ పెట్టి, ఈ వివరాలు ఇప్పించాలని ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. వాళ్లు నాయకులు కారు, పాఠాలు చెప్పుకునేవారు. హైకోర్టు సరేనంది. కేంద్రం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఓటరుకు తెలుసుకునే హక్కు ఉందని 2002 మే 2న తీర్పు వచ్చింది.

అసలు కథ ఆ తర్వాతే. మామూలుగా దేనికీ కలవని పార్టీలు దీనికి మాత్రం కలిశాయి! కోర్టు ఏం చెప్పినా అభ్యర్థి ఆ వివరాలు ఇవ్వనక్కర్లేదంటూ అదే ఏడాది ఆర్డినెన్స్, వెనకే చట్టసవరణ వచ్చాయి. ఏడీఆర్, పీయూసీఎల్‌తో పాటు మన హైదరాబాద్ నుంచి జయప్రకాశ్ నారాయణ్ గారి లోక్‌సత్తా కూడా మళ్లీ కోర్టు మెట్లెక్కాయి. (లోక్‌సత్తా అప్పటికి పార్టీ కాదు.) 2003 మార్చి 13న సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను కొట్టేసింది.

ఇప్పుడు ప్రతి అభ్యర్థీ నామినేషన్‌తో పాటు ఫారం 26 అఫిడవిట్ ఇవ్వాల్సిందే. తప్పుడు వివరాలిస్తే ఆరు నెలల దాకా జైలుశిక్ష పడవచ్చు. అయితే దీంతో నేరచరితులు పోటీ మానేశారా అంటే, లేదు. కాగితం ఉంది, చదివేవాళ్లే తక్కువ.

అందుకే ఒక ఆదివారం పిల్లలతో ఎన్నికల సంఘం వెబ్‌సైట్ తెరవండి. వత్సవాయి మండలం జగ్గయ్యపేట అసెంబ్లీ, విజయవాడ లోక్‌సభ స్థానాల కిందికి వస్తుంది. 2024లో పోటీ చేసినవారి అఫిడవిట్లు చూడండి. 2019లో కూడా నిలబడినవారుంటే రెండింటిలోని ఆస్తులనూ పక్కపక్కన పెట్టి, తేడా ఎంతో పిల్లలనే లెక్క కట్టమనండి. కేసు ఉన్నంత మాత్రాన దోషి కాదనీ, ధర్నాలో కూర్చున్నా కేసు పెడతారనీ, ఏ సెక్షనో చూడాలనీ చెప్పండి. మీరు ఎవరికి ఓటేశారో మాత్రం చెప్పకండి. వాళ్ల అభిప్రాయం వాళ్లనే ఏర్పరచుకోనివ్వండి.

ఇంట్లో 17 నిండిన అన్నయ్యో అక్కయ్యో ఉంటే ఫారం 6తో ఓటుకు ముందుగానే దరఖాస్తు చేయించండి. 18 నిండాక వచ్చే జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ ఒకటో తేదీల్లో ఏది ముందైతే దాని ప్రకారం పేరు జాబితాలోకి ఎక్కుతుంది.