చలికాలం వస్తే చెవుల్లో హోరు

సమస్య: నాకు 48 ఏళ్లు. సిరిసిల్లలో సాంచాలు (మరమగ్గాలు) నడుపుతాను. చాన్నాళ్లుగా రెండు చెవుల్లోనూ కీచురాళ్లు అరిచినట్టు ఒకటే చప్పుడు. షెడ్డులో ఉన్నంతసేపూ తెలియదు, ఇంటికొచ్చి నడుం వాల్చగానే మొదలు. ఎండాకాలం కూలర్ తిరుగుతుంటే ఎలాగో నిద్ర పడుతుంది. ఫ్యాన్ కూడా వేయని చలికాలంలో తెల్లవార్లూ జాగారమే. నలుగురిలో మాట అందక ‘ఆఁ?’ అంటే, పరధ్యానమని మా ఆవిడ కసురుకుంటోంది. వెల్లుల్లి కాచిన నూనె పోసినా తగ్గలేదు. ఇది ఎప్పటికైనా పోతుందా?
- ఒక పాఠకుడు, సిరిసిల్ల

సలహా: దీన్ని డాక్టర్లు టిన్నిటస్ అంటారు. ఏళ్ల తరబడి పెద్ద మోతలో పనిచేస్తే లోపలి చెవిలోని సున్నితమైన కణాలు దెబ్బతింటాయి. అవి మళ్లీ పుట్టవు. చెవి నుంచి అందాల్సిన శబ్దం తగ్గేసరికి మెదడు ఆ లోటు పూడ్చుకోబోవడం వల్లే ఈ హోరు పుడుతుందని వైద్యులు భావిస్తున్నారు. మాట అందకపోవడమూ అందులో భాగమే కావచ్చు.

నూనె పోయడం ఆపేయండి. ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకుని వినికిడి పరీక్ష చేయించుకోండి. ఒక్కోసారి గుబిలి గట్టిపడినా హోరు వస్తుంది. వినికిడి తగ్గిందని తేలితే మిషన్ పెట్టుకోవడానికి నామోషీ పడొద్దు. బయటి మాటలు తేటగా అందితే చాలామందికి లోపలి హోరు అణుగుతుంది. దాన్ని పూర్తిగా పోగొట్టే మాత్ర మాత్రం ఇంతవరకు లేదు. ఉందని అమ్మేవాళ్లకు డబ్బు తగలేయకండి.

రాత్రి ఏం చేయాలో మీ కూలరే చెబుతోంది. నిశ్శబ్దంలోనే హోరు ఎక్కువగా తెలుస్తుంది. చలికాలంలో టేబుల్ ఫ్యాన్‌ను గోడవైపు తిప్పి పెట్టండి, లేదా ఫోన్‌లో వాన చప్పుడు సన్నగా పెట్టుకోండి. అది హోరును ముంచేయనక్కర్లేదు, పక్కన ఉంటే చాలు.

షెడ్డులో మాత్రం ఇయర్‌ప్లగ్‌లు తప్పనిసరి. దూది పనికిరాదు. ఫ్యాక్టరీ నిబంధనల ప్రకారం 8 గంటల పనికి 90 డెసిబెల్స్ హద్దు. సాంచాల మోత తరచూ అది దాటుతుంది. ప్లగ్‌లు ఇప్పించమని ఆసామిని అడగండి, ఆయన చెవులకూ అవి అవసరమే. బరాత్‌లో డీజే బాక్సుల దగ్గర నిలబడొద్దు. ఇంట్లో మాత్రం ప్లగ్‌లు వద్దు.

హఠాత్తుగా వినికిడి పడిపోతే ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి. ఒక్క చెవిలోనే హోరు ఉన్నా, నాడితోపాటు కొట్టుకున్నట్టున్నా, కళ్లు తిరుగుతున్నా ఆలస్యం చేయకండి.

పూర్తిగా పోతుందని మాట ఇవ్వలేను. కానీ దీనివల్ల ప్రమాదం లేదని నమ్మకం కుదిరితే, మెదడు నెమ్మదిగా దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. నెలలు పట్టినా చాలామందికి అలా జరుగుతుంది. దిగులు వదలకపోతే సైకాలజిస్టును కలవండి. పరీక్షకు వెళ్లేటప్పుడు మీ ఆవిడనూ తీసుకెళ్లండి. మీది పరధ్యానం కాదని డాక్టరు నోట వింటే ఆమె కసురు తగ్గుతుంది, మీకూ ఇంట్లో ఒక తోడు దొరుకుతుంది.