సూది గదిలో వీఆర్: పిల్లలకు ఎలా వాడాలి?

“అల్లరి చేస్తే డాక్టరుగారు సూదేస్తారు” అని ఇంట్లో బెదిరించి తెచ్చిన పిల్లలే ఆసుపత్రిలో ఎక్కువ గింజుకుంటారు. రక్తం తీసేటప్పుడో, సెలైన్ పెట్టేటప్పుడో వాళ్లకు వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్ పెట్టి చూద్దామనుకునే నర్సులకూ డాక్టర్లకూ ఈ సూచనలు.

కిటుకు పాతదే. “అదిగో కాకి” అని కిటికీ చూపించి చటుక్కున సూది గుచ్చిన కాంపౌండర్లు మనకు తెలుసు. నొప్పికీ ధ్యాస కావాలి. ఆ ధ్యాస వేరేచోట చిక్కుకుంటే నొప్పి తగ్గుతుంది. 1996లో సియాటిల్‌లో హంటర్ హాఫ్‌మన్, డేవిడ్ ప్యాటర్సన్ కాలిన గాయాలతో ఉన్నవాళ్ల మీద వీఆర్‌ను ప్రయత్నించడం మొదలుపెట్టారు. తర్వాత వచ్చిన వాళ్ల ‘స్నోవరల్డ్’లో అంతా మంచులోయ, పెంగ్విన్లు, మంచు ఉండలు. కట్టు మారుస్తున్నప్పుడు మంటను గుర్తుచేసేదేదీ కంటబడదు.

ముందు, ఎవరికి పెట్టకూడదో చూసుకోండి. ఫిట్స్ వచ్చినవాళ్లు, తలకు దెబ్బ తగిలినవాళ్లు, వాంతులవుతున్నవాళ్లు, కళ్లకలకో ముఖంమీద పుండ్లో ఉన్నవాళ్లు వద్దు. హెడ్‌సెట్ దాదాపు అరకిలో ఉంటుంది. నాలుగేళ్ల పిల్ల మెడకు అది బరువే. మెటా క్వెస్ట్ హెడ్‌సెట్‌ను పదేళ్లలోపు పిల్లల కోసం తయారు చేయలేదని కంపెనీయే చెబుతుంది. అంతకంటే చిన్నవాళ్లకు పెట్టాలంటే డాక్టరు నిర్ణయించాలి, అదీ కొద్ది నిమిషాలే. మరీ చిన్నవాళ్లకు సబ్బు బుడగలు ఊదించడం నయం.

వీఆర్ మత్తుమందుకు బదులు కాదు. లిడోకైన్, ప్రిలోకైన్ కలిసిన క్రీము రాసే వీలుంటే గంట ముందే రాసి ఉంచండి.

ఆట ఎంచుకునేటప్పుడు ఒక్కటే నియమం: చెయ్యి కదలకూడదు. కంట్రోలర్లతో ఆడేవి పక్కన పెట్టి, చూపుతో ఆడేవి తీసుకోండి. రోలర్ కోస్టర్ జోలికి పోవద్దు, కడుపులో తిప్పుతుంది. ఆటను ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, వార్డులో వైఫైని నమ్మలేం.

ఇప్పుడు పిల్లతో మాట్లాడండి. సూది కనిపించకముందే హెడ్‌సెట్ చేతికిచ్చి తిప్పి చూడనివ్వండి. “నొప్పి ఉండదు” అనకండి. “చీమ కుట్టినట్టుంటుందేమో, నువ్వే చెప్పు” అనండి. ఎప్పుడైనా తీసెయ్యొచ్చని చెప్పండి, తీసేస్తే మళ్లీ తగిలించకండి. కొందరు పిల్లలకు సూదిని చూస్తుంటేనే ధైర్యం. వాళ్లకిది కళ్లగంతలతో సమానం. అడిగి తెలుసుకోండి.

తగిలించేటప్పుడు మన దగ్గర ఇంకో చిక్కుంది: తలనిండా కొబ్బరినూనె, రెండు జడలు. ముందు కాగితపు సర్జరీ టోపీ పెట్టేస్తే పట్టీలకు నూనె అంటదు.

అసలు పని సమయం కుదర్చడంలో ఉంది. చేతికి పట్టీ బిగించే రెండు మూడు నిమిషాల ముందే ఆట మొదలవ్వాలి. పిల్ల చూస్తున్నది మీకూ ట్యాబ్‌లో కనబడేలా పెట్టుకోండి. 2017లో బ్రెజిల్‌లో ఎర్మెస్ పార్దినీ అనే సంస్థ టీకా కేంద్రాల్లో చేసింది గమనించదగ్గది. స్పిరిట్ దూది రాసేటప్పుడు పిల్ల చూసే వీఆర్ కథలో మంచు తాకుతుంది, సూది దిగేటప్పుడు నిప్పు. నర్సు తెర చూస్తూ చేతిని కథతో కలుపుతుంది. మీ దగ్గర అలాంటి కథ లేకపోతే నోటితోనే నడిపించండి: “పెంగ్విన్ చేతిమీద చల్లగా రాస్తోంది... ఇప్పుడు ముక్కుతో పొడుస్తుంది చూడు.” చెప్పకుండా మాత్రం ముట్టుకోకండి. కళ్లు కప్పి ఉన్న పిల్ల ఉలిక్కిపడితే సూది జారుతుంది. గదిలో ఒక్క గొంతే వినబడాలి. అమ్మ చెయ్యి పట్టుకుంటే చాలు, “అయిపోయింది, అయిపోయింది” అనక్కర్లేదు.

ప్లాస్టర్ అంటించగానే హెడ్‌సెట్ లాగేయకండి. ఆ పెంగ్విన్ల పని పూర్తవనివ్వండి, తీశాక ఓ నిమిషం కూర్చోబెట్టి లేపండి. తర్వాత ముఖానికి తగిలే భాగాన్ని క్రిమిసంహారక వైప్‌తో, లెన్సులను మెత్తని పొడిగుడ్డతో తుడవండి. లెన్సులకు స్పిరిట్ తగలకూడదు. కేసు షీటులో ఏ ఆట నచ్చిందో, ఏ చేతికి సూది పెట్టారో రాసి ఉంచండి. రెండోసారి వచ్చిన పిల్ల అడిగేది ఆ ఆట గురించే.