మామునూరు నుంచి బసంత్‌నగర్‌కు విమానంలో ఎంతసేపు?



కాటారం నుంచి వరంగల్ ఎంత దూరమని అడిగితే మనం కిలోమీటర్లు చెప్పం, బస్సులో ఇన్ని గంటలంటాం. విమానానికి వాగులు, మలుపులు, స్టేజీలు అడ్డం రావు. అందుకే దాని దూరం వేరు, కాలం వేరు. ఈ లెక్కకు పదో తరగతి గణితం చాలు. మనకు దగ్గరలోని రెండు పాత విమానాశ్రయాలతో చేసి చూద్దాం.

రెండు రన్‌వేలు

వరంగల్ దగ్గరి మామునూరు విమానాశ్రయం 1930లో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో కట్టినది. 1981 వరకు వాడుకలో ఉంది. రెండోది పెద్దపల్లి జిల్లా బసంత్‌నగర్. సిమెంటు ఫ్యాక్టరీ ఉన్న ఊరు అది. 1980లలో అక్కడ వాయుదూత్ విమానాలు దిగేవి. తర్వాత అవీ ఆగిపోయాయి.

దూరం లెక్క

మామునూరు: అక్షాంశం 17.914, రేఖాంశం 79.602.
బసంత్‌నగర్: అక్షాంశం 18.701, రేఖాంశం 79.393.

1. ఒక డిగ్రీ అక్షాంశం సుమారు 111 కి.మీ. తేడా 0.787 కాబట్టి ఉత్తరానికి 87 కి.మీ.

2. రేఖాంశాలు ధ్రువాల వైపు పోయేకొద్దీ దగ్గరవుతాయి. మన ప్రాంతంలో ఒక డిగ్రీ 111 × కాస్ 18°, అంటే 105.6 కి.మీ. తేడా 0.209 కాబట్టి పడమరకు 22 కి.మీ.

3. ఇక పైథాగరస్ సిద్ధాంతం. 87 వర్గం 7569, 22 వర్గం 484. మొత్తం 8053. వర్గమూలం దాదాపు 90.

అంటే 90 కి.మీ. దూరం తక్కువ కాబట్టి భూమిని బల్లపరుపుగా అనుకున్నా నష్టం లేదు. హైదరాబాద్ నుంచి అమెరికాలోని చికాగోకైతే ఈ పద్ధతి పనికిరాదు. గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి చూడండి, అది ఉత్తర ధ్రువం దగ్గరి నుంచి పోతుంది. ఆ గీతనే మహావృత్త మార్గం అంటారు.

కాలం లెక్క

చిన్న ఏటీఆర్ విమానం గంటకు సుమారు 500 కి.మీ. పోతుంది. 90ని 500తో భాగించి 60తో గుణిస్తే 11 నిమిషాలు! కానీ రన్‌వే దాకా నడవాలి, పైకెక్కాలి, వేగం తగ్గించుకుని దిగాలి. హైదరాబాద్–విజయవాడ మధ్య లెక్క ప్రకారం అరగంటే, టైంటేబుల్లో మాత్రం సుమారు గంట ఉంటుంది. దగ్గరి ఊళ్లకు విమానం పెద్దగా కలిసిరాకపోవడానికి ఇదొక కారణం.

ఐదు కిలోమీటర్ల తేడా

శంషాబాద్ విమానాశ్రయం 2008లో మొదలైంది. 25 ఏళ్ల వరకు 150 కి.మీ. ఆకాశ దూరంలో మరో విమానాశ్రయం రాకూడదని దాని ఒప్పందంలో షరతు ఉంది. శంషాబాద్ అక్షాంశం 17.240, రేఖాంశం 78.428. పై పద్ధతిలోనే చేస్తే మామునూరుకు 145 కి.మీ. వస్తుంది. ఐదు కిలోమీటర్ల తేడాతో వరంగల్ ఆ గీత లోపల పడింది! జీఎంఆర్ సంస్థ మినహాయింపు ఇచ్చాకే, 2025 ఫిబ్రవరిలో కేంద్రం మామునూరుకు అనుమతి ఇచ్చింది.

మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు. సైన్‌లు, కాస్‌లు మనకెందుకని అడిగేవాళ్లకు నా జవాబు ఇదే: "మీ ఊరు దూరం, అందుకే రాదు" అని రేపు ఎవరైనా అంటే, ఎంత దూరమో మీరే కొలిచి మాట్లాడగలరు.

అభ్యాసం: అట్లాసులో కాటారం అక్షాంశ, రేఖాంశాలు చూసి, రెండు విమానాశ్రయాల్లో మనకు ఏది దగ్గరో తేల్చండి. తర్వాత బస్సులో ఎంతసేపో కనుక్కుని, ఆ రెండు జవాబులూ పక్కపక్కన రాయండి.